కాల్ తెగినా మాట తెగకూడదు

ఈసారి గోడపత్రికకి ‘మాట – యంత్రం’ అనే అంశం ఇచ్చి, ఒక్కొక్కరం ఒక పాఠంలాగా రాయాలని మేడం గారు చెప్పారు. మన క్లాసులో చాలామంది తెలుగు టైపింగ్ గురించి, సినిమా డబ్బింగ్ గురించి రాస్తున్నారు. నేను ఆన్‌లైన్‌లో మానసిక వైద్యులతో మాట్లాడేటప్పుడు వచ్చే సాంకేతిక ఇబ్బందుల గురించి రాస్తున్నా. ఇది కంప్యూటర్ వాళ్ళ విషయం కదా, తెలుగు శాఖకి దీంతో పనేముంది అని మీకు అనిపించొచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది. కానీ మా ఇంట్లో జరిగింది చూశాక, ఇది సగం నెట్‌వర్క్ విషయం, సగం వ్యాకరణం విషయం అని తెలిసింది. అమ్మని అడిగే రాస్తున్నా. “రాయి, ఇంకెవరికైనా పనికొస్తుంది” అంది.

మా ఇల్లు, మా ఊరు

నాన్నగారిది యానాం. అమ్మది కారైకాల్. పుదుచ్చేరి ప్రభుత్వంలో ఉద్యోగం చేసేవాళ్ళకి నాలుగు ప్రాంతాల మధ్య బదిలీలు అవుతుంటాయని మనకి తెలుసు. నాన్నగారు కారైకాల్‌లో పనిచేసినప్పుడే పెళ్ళయింది. అందుకని మా ఇంట్లో రెండు భాషలు. నాన్నగారితో, మామ్మతో తెలుగు. అమ్మతో నేనూ తమ్ముడూ తమిళం. అమ్మ తెలుగు బాగానే మాట్లాడుతుంది, బజారులో బేరం కూడా చేస్తుంది. కానీ కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా తమిళమే వస్తుంది.

యానాం అంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్ర. మనం పుదుచ్చేరి వాళ్ళం, కానీ పుదుచ్చేరి పట్నం ఇక్కడికి 800 కిలోమీటర్ల పైమాటే. కారైకాల్ దానికింకా దక్షిణాన ఇంచుమించు 130 కిలోమీటర్లు. మన రేషన్ కార్డు పుదుచ్చేరిది, మన ల్యాండ్‌లైన్ కోడ్ మాత్రం కాకినాడతో కలిపి 0884. పెద్ద వైద్యం కావాలంటే కాకినాడ బస్సెక్కుతాం.

2022 జూలైలో గోదావరి వరద వచ్చింది గుర్తుందిగా. మా వీధిలోకి కూడా నీళ్ళొచ్చాయి. ఆ రోజుల్లోనే కారైకాల్‌లో అమ్మమ్మ పోయింది. మామ్మ మంచం మీద ఉంది, కింద నీళ్ళు, ఇల్లు వదిలి కదిలే వీలు లేదు. అమ్మ వెళ్ళలేకపోయింది. మా మావయ్య వీడియో కాల్ చేసి చూపించాడు. అమ్మమ్మని బయటికి తెస్తుండగా మా వైపు బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ఏడాదంతా అమ్మ పని చేసుకునేది, వండేది, మాకు బాక్సులు కట్టేది. నిద్రపోయేది కాదు. ఏమయిందంటే “ఒణ్ణుమిల్ల” అనేది. అంటే ‘ఏమీ లేదు’ అని. 2023లో సంవత్సరీకానికి కారైకాల్ వెళ్ళినప్పుడు మావయ్య పట్టుబట్టి అక్కడ ఒక సైకియాట్రిస్టు డాక్టరమ్మకి చూపించాడు. ఆవిడ మందులు రాసి, నెలకోసారి మాట్లాడాలన్నారు. నెలనెలా అంత దూరం వెళ్ళలేం కాబట్టి వీడియోలో కుదిర్చారు. కాకినాడలో డాక్టర్లు లేరని కాదు. అమ్మకి తన భాషలో వినేవాళ్ళు కావాలి.

మొదటి అపాయింట్‌మెంట్‌లో జరిగినవి

ఫోన్ వ్యవహారాలు ఇంట్లో నావే. నేనే లింక్ తెరిచి, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టి, అమ్మ పక్కనే కూర్చున్నా. ఆ అరగంటలో జరిగినవి వరుసగా చెప్తా, ఎందుకంటే పాఠం వీటిలోంచే వచ్చింది.

ఒకటి: డాక్టరమ్మ పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. నేను వాల్యూమ్ పెంచుతున్నా. హాల్లోంచి మామ్మ, “ఒసేయ్, టీవీ మీద ఎవరో అరవంలో మాట్లాడుతున్నారే” అని కేకేసింది. తమ్ముడి బ్లూటూత్ స్పీకర్ ఆన్‌లో ఉంది. నా ఫోన్ దానికి కలిసిపోయింది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న హాలంతా వినిపించింది. మామ్మకి తమిళం రాదు కాబట్టి సరిపోయింది.

రెండు: సగంలో బొమ్మ ఆగిపోయింది. డాక్టరమ్మ కళ్ళు సగం మూసుకుని అలాగే ఉండిపోయారు. అమ్మ చటుక్కున లేచి వంటింటి చివరికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. అమ్మమ్మ రోజున ఆగిపోయిన బొమ్మ అమ్మకి గుర్తొచ్చిందని తర్వాత తెలిసింది.

మూడు: కాల్ పూర్తిగా కట్ అయింది. మేం తిరిగి చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే బిజీ. అటు ఆవిడ కూడా మాకే చేస్తున్నారట. ఇద్దరం ఒకేసారి చేసుకుంటూ పది నిమిషాలు పోగొట్టాం.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. అది వ్యాకరణం దగ్గర చెప్తా.

మన దగ్గర ఉన్న సదుపాయాలు

ముందు నాలుగు విషయాలు తెలుసుకుందాం. కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజునే, అంటే 2020 మార్చి 25న, మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. డాక్టర్లు వీడియోలో, ఫోన్‌లో మాటతో, లేదా రాత రూపంలో రోగిని చూడొచ్చని అందులో ఉంది. దూరం నుంచి చూడటం చాలదనిపిస్తే ఏ దశలోనైనా ఆపి, నేరుగా రమ్మనొచ్చు. రోగి కూడా ఎప్పుడైనా వద్దనొచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూసి తీరాలి. ఈ-సంజీవని అనే ప్రభుత్వ సేవలో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే ఓపీడీ 2020 ఏప్రిల్‌లో మొదలైంది.

మనసు విషయానికే ప్రత్యేకంగా ఉన్నది టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలుపెట్టారు. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి ముఖ్య కేంద్రం. ఫోన్ చేయగానే భాష ఎంచుకోమంటుంది, తెలుగూ తమిళమూ రెండూ ఉన్నాయి. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైస్థాయి నిపుణులకి కలుపుతారు. దీనికి స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. నెట్ లేనిచోట ఇదే పెద్ద ఉపయోగం.

ఇంకో మాట. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా సాయం చేస్తారు. మనం ఎవరితో మాట్లాడుతున్నామో ముందే తెలుసుకోవాలి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో చేశారు, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రకారం వైద్యం అందుకోవడం మన హక్కు. 23వ సెక్షన్ ప్రకారం మన విషయం గుట్టుగా ఉంచడం కూడా మన హక్కు. ఈ రెండో హక్కుని ఆసుపత్రి వాళ్ళే కాపాడాలి అనుకుంటాం. ఆన్‌లైన్‌లో సగం బాధ్యత మన ఇంటిదే అవుతుంది. మా ఇంట్లో స్పీకర్ ఆన్‌లో పెట్టింది ఆసుపత్రి కాదుగా.

కాల్ ఎందుకు తెగుతుంది

మనం మాట్లాడిన మాట ఒకే తీగలా వెళ్ళదు. ఫోన్ దాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు. ఆ ముక్కలు ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. మెసేజ్ అయితే దారిలో ముక్క పోతే మళ్ళీ పంపిస్తారు, కాస్త ఆలస్యమైనా మొత్తం చేరుతుంది. నేరుగా మాట్లాడేటప్పుడు అంత ఆగే సమయం ఉండదు. పోయిన ముక్క పోయినట్టే. అందుకే మధ్యలో మాటలు మింగేసినట్టు వినపడతాయి.

మాటకి తక్కువ డేటా చాలు. సెకనుకి 100 కిలోబిట్లలోపే సరిపోతుంది. వీడియోకి దానికి చాలా రెట్లు కావాలి. కాబట్టి నెట్ బలహీనపడినప్పుడు వీడియో ఆపేస్తే మాట నిలబడుతుంది. మనవాళ్ళు మొహమాటపడి వీడియో అలాగే ఉంచి, రెండూ పోగొట్టుకుంటారు. ఇంకో సంగతి, మనం సినిమా చూస్తే డేటా మన వైపు వస్తుంది. మాట్లాడితే మన నుంచి వెళ్ళాలి. సినిమా బాగా వస్తోంది కదా అని, మన మాట కూడా అవతలికి బాగా వెళ్తోందనుకోకూడదు.

స్పీకర్ పెట్టి మాట్లాడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఒకరి గొంతుని ఫోనే తగ్గించేస్తుంది, ప్రతిధ్వని రాకుండా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. అవతలి మాట పక్కవాళ్ళకి వినపడదు కూడా. రెండు లాభాలు.

చివరిది చాలామందికి తెలియదు. రొద తగ్గించే ఏర్పాటు ఇప్పుడు చాలా యాప్‌లలో ఉంటోంది. ఫ్యాన్ చప్పుడు, రోడ్డు చప్పుడు తీసేస్తుంది. కానీ అది మెల్లగా అన్న మాటని, నిట్టూర్పుని, ఏడుపుని కూడా రొద అనుకోగలదు. మామూలు కాల్‌లో దానివల్ల నష్టం లేదు. ఈ రకం కాల్‌లో డాక్టరు వినాల్సింది సరిగ్గా అదే. సెట్టింగ్స్‌లో ఉంటే దాన్ని తగ్గించుకోవాలి. లేకపోతే నోటితో చెప్పాలి, “నేను ఇప్పుడు ఏడుస్తున్నాను, కాసేపు ఆగండి” అని. వినడానికి వింతగా ఉన్నా, అలా చెప్తే అవతలివాళ్ళకి తెలుస్తుంది.

ఇక వ్యాకరణం

ఇంగ్లీషులో ‘కాదు’ అనే మాట ముందే వచ్చేస్తుంది. కర్త తర్వాత ‘నాట్’, తర్వాత మిగతా వాక్యం. చివర తెగినా అది వ్యతిరేకార్థమని తెలిసిపోతుంది. మన తెలుగులో క్రియ చివర వస్తుంది, వ్యతిరేకార్థం ఆ క్రియకి కూడా చివర వస్తుంది. ‘రాత్రి నిద్ర పట్టింది’, ‘రాత్రి నిద్ర పట్టలేదు’. ‘పట్ట’ దగ్గర కాల్ తెగితే అవతలివాళ్ళకి సగం మాటే మిగులుతుంది, మిగతాది వాళ్ళు ఊహించుకోవాలి. ‘వెళ్ళాలని ఉంది’, ‘వెళ్ళాలని లేదు’ అనే వాక్యాల్లో ఆఖరి ముక్క ఒక్కటే తేడా. ‘నాకు భయంగా లేదు’ అన్నప్పుడు చివరి మాట పోతే, అవతలికి చేరేది ‘నాకు భయంగా’.

దానికి తోడు, దిగులుగా ఉన్నవాళ్ళు వాక్యం మొదలు గట్టిగా అని, చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు. గమనించండి, మనమందరం చేస్తాం. గొంతు దిగినచోటే యంత్రం అది మాట కాదనుకుని కత్తిరిస్తుంది. అంటే మన భాషలో అర్థం ఎక్కడుందో, మన దిగులు ఎక్కడ గొంతు తగ్గిస్తుందో, యంత్రం ఎక్కడ తెంపుతుందో, మూడూ ఒకే చోట.

తమిళం కూడా ఇంతే. మూడో నెల అపాయింట్‌మెంట్‌లో డాక్టరమ్మ మందుల గురించి అడిగారు. అమ్మ “మాత్తిరైయ నిరుత్తల” అంది. అంటే ‘మాత్రలు ఆపలేదు’ అని. అటు చేరింది “మాత్తిరైయ నిరుత్త” వరకే. అమ్మ మాత్రలు ఆపేసిందని ఆవిడ అనుకున్నారు. ఆవిడ మొహం మారింది. అలా ఒక్కసారిగా ఆపకూడదని, ఆపితే ఏమవుతుందో చెప్పడం మొదలెట్టారు. అమ్మ తలొంచుకుని వింటోంది. ఆపలేదు అని మళ్ళీ చెప్పొచ్చు కదా! చెప్పలేదు. డాక్టరు గారు కోప్పడుతున్నారు కాబట్టి తప్పు తనదే అయ్యుంటుందనుకుంది. నేను పక్కనే ఉన్నా కాబట్టి మధ్యలో దూరి చెప్పా. లేకపోతే, ఆపేసిన మనిషికి ఇచ్చే మందు, ఆపని మనిషికి ఇచ్చేవారేమో.

అప్పటినుంచి డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టారు. ముఖ్యమైన జవాబు ఏదైనా, ఆవిడ తిరిగి చెప్తారు, “మీరు ఆపలేదు అన్నారు, అంతేనా?” అని. అమ్మ కూడా పొడుగు వాక్యాలు మానేసి ముందు ‘అవును’ లేదా ‘కాదు’ అని, తర్వాత వివరం చెప్పడం నేర్చుకుంది. “లేదు. ఆపలేదు. రోజూ వేసుకుంటున్నా.” మూడు చిన్న వాక్యాలు. ఒకటి తెగినా రెండు చేరతాయి. ‘ఆపలేదు’ అనే కంటే ‘వేసుకుంటున్నా’ అనడం ఇంకా మంచిది, ఎందుకంటే చివర తెగినా తలకిందులు అవదు. ఇదే నేను తెలుగు శాఖకి చెప్పదలచుకున్న పాఠం.

మౌనం సంగతి

కౌన్సెలింగ్‌లో అవతలివాళ్ళు కావాలనే మౌనంగా ఉంటారు, మనం మాట్లాడటానికి సమయం ఇస్తూ. ఎదురుగా కూర్చుంటే అది మనకి అర్థమవుతుంది. స్క్రీన్ మీద మౌనంగా ఉన్న మనిషీ, ఆగిపోయిన బొమ్మా ఒకేలా కనపడతాయి. “ఉన్నారా? వినపడుతోందా?” అని మనం గాభరాపడతాం. చెప్పబోయిన మాట లోపలికి వెళ్ళిపోతుంది.

దీనికి మా డాక్టరమ్మ చేసింది చాలా తేలిక. తను ఊరుకున్నప్పుడు చేతిలో పెన్ను మెల్లగా కదుపుతూ ఉంటారు. పెన్ను కదులుతోందంటే ఆవిడ వింటున్నట్టు. ఆగిందంటే నెట్ పోయినట్టు. మాటతోనే మాట్లాడే కాల్ అయితే మధ్యమధ్యలో “ఊఁ” అంటారు. మన పల్లెల్లో కథ చెప్పేటప్పుడు ‘ఊ కొట్టడం’ ఉందిగా, అదే. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఆగిపోతుందని మామ్మ అంటుంది.

ఆరు నెలల తర్వాత అమ్మ తనే అడిగింది, “బొమ్మ వద్దు, మాట చాలు” అని. బొమ్మ ఆగితే తనకి ఏం గుర్తొస్తుందో ఆ రోజే మొదటిసారి చెప్పింది. ఇప్పుడు మొదటి రెండు నిమిషాలు వీడియోలో పలకరించుకుని, తర్వాత మాటతోనే కొనసాగిస్తారు.

ముందు, మధ్యలో, తర్వాత: చేయాల్సినవి

కాల్‌కి ముందు:

1. ఛార్జింగ్ నిండా పెట్టాలి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కాబట్టి సిమ్‌లో డేటా ఉందో లేదో చూసుకోవాలి. గాలివాన రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

2. బ్లూటూత్ ఆపాలి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్ అయితే ఏ గొడవా లేదు.

3. పది నిమిషాల ముందే లింక్ తెరిచి, మైకుకీ కెమెరాకీ అనుమతి ఇచ్చి ఉంచాలి. కొత్త యాప్ అయితే ముందురోజే ఇంట్లో ఒకరితో ప్రయత్నించి చూడాలి.

4. ఫోన్‌కి వచ్చే మిగతా కాల్స్ ఆపుకోవాలి. మధ్యలో గ్యాస్ వాళ్ళ ఫోన్ వస్తే ఇటు కాల్ ఆగిపోవచ్చు.

5. చెప్పాల్సిన మూడు విషయాలు కాగితం మీద రాసుకోవాలి. నెట్ గొడవలో మొదట మర్చిపోయేది అసలు విషయమే.

కాల్ మొదలవగానే:

6. “కట్ అయితే ఎవరు చేయాలి? ఏ నంబరుకి? ఎంతసేపు చూడాలి?” అని అడిగి ఖాయం చేసుకోవాలి. ఒకరే చేయాలి, రెండోవాళ్ళు ఆగాలి. మాకు ఒప్పందం ఇది: ఆవిడే చేస్తారు, మామూలు ఫోన్‌కి. ఐదు నిమిషాలు దాటితే మేం ఆసుపత్రి నంబరుకి చేస్తాం.

7. “మీరిప్పుడు ఎక్కడున్నారు?” అని వాళ్ళు ప్రతిసారీ అడగొచ్చు. అమ్మ మొదట్లో “పోలీసులా అడుగుతోందే” అని విసుక్కునేది. మాట్లాడుతుండగా మనిషి బాగా కుంగిపోయి, అప్పుడే కాల్ తెగితే, సాయం ఎక్కడికి పంపాలో వాళ్ళకి తెలియాలి. అందుకే అడుగుతారు. దగ్గరివాళ్ళ నంబరు ఒకటి ఇవ్వమంటే ఇవ్వాలి.

మధ్యలో:

8. వినపడకపోతే తలూపకూడదు. ఇది మన ఆడపిల్లలందరికీ ఉన్న అలవాటు, పెద్దవాళ్ళ మాట మళ్ళీ చెప్పమనడానికి మొహమాటం. “వినపడలేదండీ, మళ్ళీ చెప్పండి” అనడం అమర్యాద కాదు.

9. ముందు వీడియో ఆపాలి, తర్వాత మామూలు ఫోన్‌కి మారాలి. అదీ కుదరకపోతే ఇంకోరోజుకి మార్చమని మెసేజ్ పెట్టాలి. ఈ వరుస ముందే అనుకుని ఉంటే గాభరా ఉండదు.

10. కట్ అయినప్పుడు సగంలో ఉన్న మాటని కాగితం మీద రాసుకోవాలి. తిరిగి కలిశాక “ఇప్పుడెలా ఉంది నెట్” అనే మాటలతో మొదలై, ఆ సగం మాట అలాగే పోతుంది. చాలాసార్లు అదే మనం చెప్పడానికి భయపడిన మాట అయి ఉంటుంది.

తర్వాత:

11. మందు పేరు, ఎన్ని, ఎప్పుడు అనేవి రాతలో పంపమని అడగాలి. చెవితో విన్న మందు పేరు నమ్మకూడదు.

12. సాయం చేస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగినా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా, అది ఆసుపత్రి కాదనుకోండి. పెట్టేసి, ముందు నుంచి మన దగ్గరున్న నంబరుకి మనమే చేయాలి.

ఒక జాగ్రత్త. తనకి తాను హాని చేసుకోవాలనే ఆలోచన వస్తున్నవాళ్ళు అపాయింట్‌మెంట్ రోజుకోసం, మంచి నెట్‌వర్క్ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే 14416కి చేయాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి. ప్రమాదం ఎదురుగా ఉంటే 112, లేదా దగ్గరి ఆసుపత్రి.

నేనే అడ్డు అయిన సంగతి

ఇంతవరకూ చెప్పినవి ఫోన్‌కి సంబంధించిన తప్పులు. ఒకటి నాది.

నాలుగు నెలలు ప్రతి కాల్‌కీ నేను అమ్మ పక్కన కూర్చున్నా. వీడియో ఆగితే నేను సరిచేయాలి, గొంతు పోతే నేను చూడాలి అని. చాలా సాయం చేస్తున్నా అనుకున్నా. ఒకసారి డాక్టరమ్మ అడిగారు, “పాప పక్కనే ఉందా?” అని. నేను స్క్రీన్‌లోకి వంగి నమస్కారం పెట్టా. ఆవిడ నవ్వి, “కాసేపు బయటికి వెళ్తావా అమ్మా” అన్నారు. నాకు కొంచెం బాధేసింది. నెట్ పోతే ఎవరు చూస్తారు?

వెళ్ళి అరుగు మీద కూర్చున్నా. ఆ రోజు కాల్ నలభై నిమిషాలు నడిచింది. ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. మధ్యలో రెండుసార్లు తెగిందట, డాక్టరమ్మే మామూలు ఫోన్‌కి చేశారట. అమ్మ బయటికొచ్చి మొహం కడుక్కుని, “ఇంతకుముందు నీ ముందర ఏం చెప్పను? నువ్వు భయపడతావు” అంది. నాలుగు నెలలు “ఒణ్ణుమిల్ల” అన్నది డాక్టరుతో కాదు, నాతో. కాల్‌లో పెద్ద అడ్డంకి నెట్‌వర్క్ అనుకుంటూ, దాని పక్కనే నేను కూర్చున్నా.

మన ఇళ్ళలో ఫోన్ తెలిసినది మనమే. అమ్మకి, పిన్నికి, అత్తకి లింక్ తెరిచి ఇచ్చేది మనమే. అందుకని ఈ మాట మనకే చెప్పుకోవాలి. ఫోన్ చేతికిచ్చి, ఎలా చేయాలో నేర్పి, లేచి బయటికి వెళ్ళాలి. నేర్పడం ఆలస్యమవుతుంది. అమ్మకి మైకు బొమ్మ ఏదో, కెమెరా బొమ్మ ఏదో నేర్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఒక కాగితం మీద బొమ్మలు గీసి, పక్కన తమిళంలో రాసి బియ్యం డబ్బాకి అంటించా. ఇప్పటికీ ఉంది.

మనకీ ఇదే వర్తిస్తుంది. మనలో ఎవరైనా మాట్లాడాలనుకుంటే, ఇంట్లో గది లేకపోతే, డాబా మీదకి వెళ్ళొచ్చు. అక్కడ సిగ్నల్ కూడా బాగుంటుంది. కాలేజీలో ఖాళీ పీరియడ్‌లో ఒక గది అరగంట ఇవ్వమని మన మేడం గారిని అడగొచ్చు. ఎందుకు అని ఆవిడ అడగకుండా ఇస్తే ఇంకా బాగుంటుంది. ఈ గోడ మీద రాస్తున్నా కాబట్టి, దీన్ని మేడం గార్లకి నా విన్నపంగా తీసుకోమని కోరుతున్నా.

మొన్న నెలాఖరు అపాయింట్‌మెంట్ రోజున నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. బ్లూటూత్ స్పీకర్ తీసి అలమరలో పెట్టి ఉంది. మామ్మ అరుగు మీద చిక్కుళ్ళు వలుస్తోంది. “మీ అమ్మ మాట్లాడుకుంటోంది, ఇక్కడ కూర్చో” అంది. కూర్చుని నేనూ నాలుగు వలిచా. లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది, గట్టిగానే. “కట్ అయింది కదా, మళ్ళీ చెప్తా వినండి” అంటోంది.

– బి.ఏ. ద్వితీయ సంవత్సరం, తెలుగు శాఖ